రిటైరైన పియానో ప్రొఫెసర్ పేరు మీద యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ పెట్టించడం ఎలా: మొదటి ఫోన్ కాల్ నుంచి మొదటి అవార్డు దాకా

మా అమ్మాయి మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో నాలుగేళ్ళు పియానో చదివింది. వాళ్ళ ప్రొఫెసర్ గారు రిటైరవుతున్నారని తెలియగానే పాత స్టూడెంట్లంతా కలిసి ఆవిడ పేరు మీద స్కాలర్‌షిప్ పెడదాం అనుకున్నారు, ఆ మీటింగ్‌కి నన్నెందుకు లాగారంటే వాళ్ళలో ఎక్సెల్ షీట్ అంటే భయం లేనివాడు ఒక్కడూ లేడట. పియానో మీద సరిగమలు కూడా సరిగ్గా పలికించలేని నేను అలా ట్రెజరర్ అయి కూర్చున్నా. రెండేళ్ళు పట్టింది, చేసిన తప్పులు కూడా బానే ఉన్నాయి. ఈ మధ్య తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు తమ పిల్లల టీచర్ కోసం ఇలాంటిదే చేద్దామని ఫోన్ చేసి అడుగుతున్నారు, ప్రతిసారీ గంటసేపు చెప్పే బదులు ఒకేసారి రాసేస్తే పోలా అని ఇది మొదలుపెట్టా. అమెరికా యూనివర్సిటీల పద్ధతే రాస్తున్నా, ఇండియా సంగతి చివర్లో కొంచెం చెప్తా.

అసలు ఎండోమెంట్ అంటే ఏంటి

మనకి ఎండోమెంట్ అనగానే దేవాదాయ శాఖ గుర్తొస్తుంది, లెక్క కూడా దాదాపు అదే. గుళ్ళో శాశ్వత అన్నదానానికి డబ్బు కడతాం కదా, అసలు డిపాజిట్‌లో కదలకుండా ఉంటుంది, వడ్డీతో ఏటా మనం చెప్పిన తిథి రోజున తాతగారి పేరు మీద నలుగురికి భోజనం పెడతారు. ఇక్కడ గుడి బదులు యూనివర్సిటీ ఫౌండేషన్, భోజనం బదులు పిల్లల ఫీజు. తేడా ఒక్కటే, వీళ్ళు ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యరు, షేర్లూ బాండ్లూ కలిపిన పెద్ద పూల్‌లో వేసి, అందులోంచి ఏటా ఒక శాతం మాత్రం బయటికి తీస్తారు. చాలా చోట్ల ఆ శాతం 4కి 5కి మధ్యలో ఉంటుంది, అదీ ఆ రోజు విలువ మీద కాదు, గత మూడేళ్ళ సగటు విలువ మీద. మార్కెట్ పడిపోయిన ఏడు పిల్లాడి డబ్బులు ఒక్కసారిగా సగం కాకుండా ఈ ఏర్పాటు.

లెక్క వేసుకోండి మరి. 25,000 డాలర్లు పోగుచేస్తే 4 శాతం చొప్పున ఏటా 1,000 డాలర్లు. 50,000కి 2,000. లక్షకి 4,000. ఇది చూసి మా గ్రూపులో ఒకాయన "ఇంత కష్టపడి వెయ్యి డాలర్లా" అని నీరుగారిపోయాడు. నిజమే, వెయ్యి డాలర్లకి సెమిస్టర్ ఫీజులో ఓ మూల కూడా నిండదు. కానీ పియానో పిల్లలకి వెయ్యి అంటే ఏంటో మా అమ్మాయిని అడిగితే చెప్పింది: సమ్మర్ ఫెస్టివల్‌కి అప్లికేషన్ ఫీజులు, మాస్టర్స్ ఆడిషన్లకి రెండు ఊళ్ళ ఫ్లైట్ టికెట్లు, ఒక హోటల్ రాత్రి. ఆ డబ్బు లేక ఆడిషన్‌కే వెళ్ళని పిల్లలు తన క్లాస్‌లోనే ఉన్నారంది. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

స్టెప్ 1: ముందు ఆ టీచర్‌ని అడగండి

సర్‌ప్రైజ్ ఇద్దాం అని అందరికీ ఉంటుంది. వద్దు. మేం నలుగురం ఆవిడ ఇంటికి వెళ్ళి విషయం చెప్పాం. హాల్లో పాత అప్‌రైట్ పియానో, దాని మీద పేర్చిన నోట్స్ పుస్తకాలు, ఏది తీసినా పేజీ నిండా పెన్సిల్ గుర్తులే. ఒక్కో స్వరం మీద ఏ వేలు వాడాలో అంకె, బొటనవేలు 1, చిటికెనవేలు 5, కొన్ని చోట్ల అంకె కొట్టేసి పక్కన ఇంకో అంకె, దాని కింద ఏదో పిల్ల పేరు. ఆ పిల్ల చెయ్యి చిన్నదట, అందుకని తన కోసం వేరే వేళ్ళు రాశారట. పాతికేళ్ళ కిందటి పిల్ల.

మేం అనుకున్నది ఏంటంటే ఏటా బెస్ట్ పియానిస్ట్‌కి ఇద్దామని. ఆవిడ ఒప్పుకోలేదు. సోలో బాగా వాయించే పిల్లలకి కాంపిటీషన్లున్నాయి, ప్రైజులున్నాయి, డిపార్ట్‌మెంట్‌లో వేరే అవార్డులున్నాయి, కానీ రోజంతా గాయకులకీ వయొలిన్ వాళ్ళకీ క్లారినెట్ వాళ్ళకీ పక్కన కూర్చుని వాయించి రాత్రి పదికి తమ సొంత ప్రాక్టీస్ మొదలుపెట్టే పిల్లల్ని ఎవరూ చూడరు, ఇస్తే వాళ్ళకివ్వండి అన్నారు. మన భాషలో చెప్పాలంటే పక్కవాద్యం వాళ్ళకి. ఇక్కడ దాన్ని కొలాబరేటివ్ పియానో అంటారు, కొన్ని యూనివర్సిటీల్లో దానికి విడిగా మాస్టర్స్ డిగ్రీ కూడా ఉంది. సర్‌ప్రైజ్ అని అడక్కుండా చేసుంటే ఈ ముక్క మాకు తెలిసేదే కాదు.

ఆవిణ్ణి అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. పేరు ఎలా ఉండాలి, భర్త పేరు కూడా కలపాలా. తర్వాత, డొనేషన్ ఇచ్చినవాళ్ళ లిస్ట్ తను చూడాలనుకుంటున్నారా లేదా. మా ప్రొఫెసర్ గారు ఎవరెంత ఇచ్చారో తనకి చెప్పొద్దన్నారు, ఆ మాట అందరికీ రాసి పంపాక చిన్న మొత్తాలు ఇవ్వడానికి మొహమాటపడేవాళ్ళు ధైర్యంగా ముందుకొచ్చారు.

స్టెప్ 2: ఫౌండేషన్‌కి ఫోన్ చెయ్యండి, ఒక్క డాలర్ కూడా పోగుచెయ్యక ముందే

ఇక్కడే మా మొదటి తప్పు. ఉత్సాహంలో ఒకళ్ళు ఫండ్‌రైజింగ్ సైట్‌లో పేజీ పెట్టేశారు, ఇంకొకళ్ళ పర్సనల్ ఎకౌంట్‌కి జెల్‌లో (ఇక్కడ ఫోన్‌తో బ్యాంకు నుంచి బ్యాంకుకి డబ్బు పంపే పద్ధతి) డబ్బులు రావడం మొదలైంది. అలా వచ్చిన డబ్బుకి ఇచ్చినవాళ్ళకి టాక్స్ రసీదు రాదు, వాళ్ళ కంపెనీ తన వంతుగా కలిపే మ్యాచింగ్ డబ్బు రాదు, ఆ ఎకౌంట్ పెట్టిన పాపానికి ఆ మనిషి ఐఆర్ఎస్‌కి, అంటే అమెరికా ఆదాయపన్ను శాఖకి, ఏం చెప్పుకోవాలో తెలీదు. అందరికీ వెనక్కి పంపి, సారీ చెప్పి, మళ్ళీ అడగడానికి రెండు నెలలు పోయాయి. కొంతమంది రెండోసారి ఇవ్వనేలేదు, వాళ్ళని అనడానికీ లేదు.

స్టేట్ యూనివర్సిటీల్లో మామూలుగా యూనివర్సిటీ వేరు, దాని ఫౌండేషన్ వేరు. ఫౌండేషన్ 501సి3 సంస్థ, అంటే డొనేషన్లకి టాక్స్ మినహాయింపు వచ్చే రకం, డొనేషన్లు తీసుకుని చూసుకునేది అదే. మ్యూజిక్ స్కూల్‌కి సాధారణంగా ఒక డెవలప్‌మెంట్ ఆఫీసర్, అంటే డొనేషన్ల వ్యవహారం చూసేవాళ్ళు, ఉంటారు, ఫోన్ చెయ్యాల్సింది వాళ్ళకి. చాలా మంచిగా మాట్లాడతారు, వాళ్ళ ఉద్యోగమే అది కదా, కాకపోతే మీరు అడిగితేనే చెప్పే విషయాలు కొన్నుంటాయి. మేం అడిగినవీ, అడగనందుకు తర్వాత తల పట్టుకున్నవీ కలిపి చెప్తున్నా. ఎండోమెంట్ పెట్టాలంటే కనీసం ఎంత కావాలి, ఆ మొత్తం చేరడానికి ఎన్నేళ్ళు టైమిస్తారు, మూడా ఐదా. ఆ టైమ్‌లో చేరకపోతే వచ్చిన డబ్బు ఏమవుతుంది. ఏటా ఎంత శాతం బయటికి తీస్తారు, అది కాక ఫౌండేషన్ తన ఖర్చులకి ఎంత తీసుకుంటుంది. కనీస మొత్తం చేరిన ఎన్నాళ్ళకి మొదటి అవార్డు ఇస్తారు, ఎందుకంటే డబ్బు పూల్‌లో పడి కొంత సంపాదించాలి కాబట్టి చాలా చోట్ల ఏడాది పైనే పడుతుంది. స్టూడెంట్‌ని ఎంపిక చేసేది ఎవరు. మార్కెట్ పడి ఫండ్ విలువ మనం ఇచ్చిన అసలు కంటే తగ్గితే, దాన్ని వీళ్ళు అండర్‌వాటర్ అంటారు, అప్పుడు పిల్లలకివ్వడం ఆపేస్తారా తగ్గించి ఇస్తారా. దీనికి యుప్మిఫా అని 2006లో వచ్చిన మోడల్ చట్టం ఉంది, దాదాపు అన్ని రాష్ట్రాలూ తీసుకున్నాయి, దాని ప్రకారం జాగ్రత్తగా ఆలోచించి ఇవ్వొచ్చు, అయితే ఒక్కో ఫౌండేషన్‌కి తన పాలసీ ఉంటుంది, అది కాగితం మీద చూపించమనండి.

అంత డబ్బు రాదనిపిస్తే ఎండోమెంట్ మొహం చూడక్కర్లేదు కూడా. ఏటా ఇచ్చే స్కాలర్‌షిప్ అని ఇంకో రకం ఉంది, ఈ ఏడు ఇచ్చింది ఈ ఏడే పిల్లాడికి వెళ్ళిపోతుంది, అయిదేళ్ళ పాటు ఏటా 1,500 ఇస్తాం అని రాసుకోవచ్చు. మేం రెండూ కలిపాం: ఎండోమెంట్ నిండేలోపు నలుగురం కలిసి ఏటా కొంత విడిగా వేశాం, దాంతో టీచర్ ఓపిగ్గా తిరుగుతుండగానే మొదటి పేరు చదివే వీలు దొరికింది. నన్నడిగితే వయసు మీద పడ్డ టీచర్ విషయంలో ఇదే సరైన పద్ధతి, నూరేళ్ళ సంగతి ఫౌండేషన్ చూసుకుంటుంది, మనం చూసుకోవాల్సింది ఈ మే నెల అవార్డుల ఫంక్షన్.

స్టెప్ 3: గిఫ్ట్ అగ్రిమెంట్, అంటే మొత్తం కథ ఇక్కడే ఉంది

రెండు మూడు పేజీల కాగితం. సంతకాలు పెట్టేసి డబ్బు పోగుచేసే పనిలో పడదామనిపిస్తుంది, దయచేసి ఒక శనివారం మొత్తం దీనికే ఇవ్వండి. మా మొదటి డ్రాఫ్ట్‌లో ఏం రాసుకున్నామో వినండి: స్టూడెంట్ పియానో మేజర్ (పియానోయే ప్రధాన సబ్జెక్టు) అయ్యుండాలి, ఈ రాష్ట్రంలో హైస్కూల్ చదివుండాలి, మూడో సంవత్సరంలో ఉండాలి, జీపీఏ 3.5 ఉండాలి, ఫైనాన్షియల్ నీడ్ ఉండాలి, కొలాబరేటివ్ పని చేస్తుండాలి. చదవడానికి ఎంత బావుందో. ఆ డిపార్ట్‌మెంట్‌లో పియానో మేజర్లే పదిహేను మంది లోపు. ఆరు జల్లెళ్ళు పట్టాక మొదటి ఏడు ఒక్కళ్ళూ మిగల్లేదు, ఎవరికీ ఇవ్వలేదు, ప్రొఫెసర్ గారు ఫంక్షన్‌కి వచ్చి కూర్చుని వెళ్ళిపోయారు. ఆ రోజు ఇంటికొచ్చి నాకు అన్నం సహించలేదు.

తర్వాత అగ్రిమెంట్ సవరించుకున్నాం. అప్పుడు నేర్చుకున్నది: "ఉండాలి" అనే మాట ఒకటి రెండు చోట్ల మించి వాడకూడదు, మిగిలినవన్నీ "ఉన్నవారికి ప్రాధాన్యం" అని రాయాలి. ఇప్పుడు మా దాంట్లో ఉన్న "ఉండాలి" ఒక్కటే, స్టూడెంట్ మ్యూజిక్ స్కూల్‌లో కీబోర్డ్ ప్రధానంగా చదువుతూ ఉండాలి అని. తోటి స్టూడెంట్ల రిసైటళ్ళకి (కచేరీలకి) వాయించేవాళ్ళకి ప్రాధాన్యం. ఆర్థిక అవసరం ఉన్నవాళ్ళకి ప్రాధాన్యం. అంతే.

ఆర్థిక అవసరం దగ్గర మన పిల్లలకి సంబంధించిన మెలిక ఒకటుంది. చాలా డ్రాఫ్టుల్లో "ఫాఫ్సా ప్రకారం అవసరం" అని ఉంటుంది. ఫాఫ్సా అనేది ఫెడరల్ సాయం, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ సాయం కోసం నింపే ఫారం, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లలకి ఆ సాయానికి అర్హతే లేదు. అంటే ఆ ఒక్క మాటతో హైదరాబాద్ నుంచో సియోల్ నుంచో వచ్చిన పిల్లలంతా లిస్ట్‌లోంచి ఎగిరిపోతారు, రాసినవాళ్ళకి ఆ ఉద్దేశం లేకపోయినా సరే. "అవసరాన్ని యూనివర్సిటీ నిర్ణయిస్తుంది" అని రాయించండి, సరిపోతుంది.

ఇక అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న: మన తెలుగు పిల్లలకే ఇచ్చేలా పెట్టొచ్చా? కుదరదండీ. ఫెడరల్ డబ్బు తీసుకునే యూనివర్సిటీలకి జాతి, రంగు, పుట్టిన దేశం చూసి వివక్ష చూపకూడదని 1964 పౌరహక్కుల చట్టంలో టైటిల్ సిక్స్ ఉంది, 2023లో హార్వర్డ్ అడ్మిషన్ల కేసులో జాతి చూసి సీట్లివ్వడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక యూనివర్సిటీల లాయర్లు ఇలాంటి మాట కనిపిస్తే ఎర్ర పెన్ను తీస్తున్నారు. అలాగే "మా కమిటీయే స్టూడెంట్‌ని ఎంపిక చేస్తుంది" అనీ రాయలేరు. డబ్బిచ్చినవాళ్ళే ఎవరికివ్వాలో తేల్చితే అది డొనేషన్ అనిపించుకోదు, టాక్స్ మినహాయింపు చిక్కులో పడుతుంది. ఎంపిక ఫ్యాకల్టీది, మన పని ప్రమాణాలు రాయడం వరకే. మా గ్రూపులో ఒకావిడకి ఇది మింగుడుపడలేదు, డబ్బు మనది పెత్తనం వాళ్ళదా అని, గుడి హుండీలో వేసిన నోటు మీద మన పేరు రాయం కదండీ అన్నాక నవ్వేశారు.

ఇంకో క్లాజు, దీని గురించి ఆలోచించడానికి మనసొప్పదు గానీ తప్పదు. రేపు ఆ యూనివర్సిటీ పియానో డిగ్రీయే ఎత్తేస్తే? మ్యూజిక్ డిపార్ట్‌మెంట్లు మూసేస్తున్న రోజులివి. అప్పుడు డబ్బు ఎటు పోవాలో మనమే రాయాలి, ముందు మ్యూజిక్ స్కూల్‌లో ఏ పియానిస్ట్‌కైనా, అదీ లేకపోతే ఏ మ్యూజిక్ స్టూడెంట్‌కైనా, పేరు మాత్రం మారకూడదు అని. రాయకపోతే ఆ నిర్ణయం మనకి ముక్కూ మొహం తెలియని ఎవరి చేతిలోకో పోతుంది.

స్టెప్ 4: డబ్బు పోగుచెయ్యడం

ముందు జనం లిస్ట్. పియానో ప్రొఫెసర్ దగ్గర చదివే పిల్లల గుంపుని స్టూడియో అంటారు. ముప్పై ఏళ్ళ స్టూడియో లిస్ట్ యూనివర్సిటీ ప్రైవసీ పేరు చెప్పి ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా, మీ ఉత్తరాన్ని తమ తరఫున పంపిస్తుంది. మేం పాత రిసైటల్ ప్రోగ్రామ్ కాగితాలు ముందేసుకుని పేర్లు రాసుకున్నాం, ప్రొఫెసర్ గారు ఒక్కటి కూడా పారెయ్యకుండా షూ బాక్సుల్లో దాచారు. మేజర్లని వెతకడంలో పడి చాలామంది ఒక సంగతి మర్చిపోతారు, ఆవిడ దగ్గర ఎలక్టివ్‌గా నేర్చుకుని ఇప్పుడు డాక్టర్లూ ఇంజనీర్లూ అయినవాళ్ళు. పియానో టీచర్లయిన పాత స్టూడెంట్లు 50 డాలర్లు పంపితే, రెండే సెమిస్టర్లు నేర్చుకున్న కంప్యూటర్ సైన్స్ ఆయన కంపెనీ షేర్లు పంపాడు.

ఉత్తరంలో ఏం రాయాలి? మొదట నేను రాసిన ఉత్తరం మా టీమ్ స్టేటస్ రిపోర్ట్‌లా ఉందని మా అమ్మాయి చింపేసింది. తను పరంపర గురించి రాసింది. పియానో వాళ్ళకి కూడా మన సంగీతం వాళ్ళలాగే గురుశిష్య పరంపర చెప్పుకోవడం చాలా ఇష్టం. బీతోవెన్ శిష్యుడు చెర్నీ, చెర్నీ శిష్యుడు లెషటిట్స్కీ, ఆయన శిష్యుడు ష్నాబెల్, ష్నాబెల్ దగ్గర నేర్చుకున్నాడు లియాన్ ఫ్లైషర్. ఫ్లైషర్ 1959 నుంచి బాల్టిమోర్‌లో పీబడీ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పారు, మధ్యలో కుడిచేతి వేళ్ళు మాట వినకపోతే ఎడంచేతికి రాసిన రచనలే వాయిస్తూ పాఠం మాత్రం ఆపలేదు, 2020లో పోయేనాటికి ఆయన శిష్యులు ప్రపంచమంతా ఉన్నారు. త్యాగరాజు, మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, బాలమురళీకృష్ణ అని మనం చెప్పుకున్నట్టే కదా. త్యాగరాజు పుట్టింది 1767, బీతోవెన్ 1770, ఇద్దరూ ఒకే కాలం వాళ్ళని నాకు ఈ పనిలో పడ్డాకే తట్టింది. ఇండియానా యూనివర్సిటీలో పియానో ప్రొఫెసర్ మెనాహెమ్ ప్రెస్లర్ అయితే 1955లో చేరారు, 2023లో 99 ఏళ్ళ వయసులో పోయారు, మధ్యలో ఎన్ని తరాలు ఆయన గదిలోంచి నడిచివెళ్ళాయో. మన టీచర్ అంత పేరున్నవాళ్ళు కానక్కర్లేదు, ఉత్తరం చదివినవాళ్ళకి ఆ గొలుసులో తమ కొక్కెం కనపడాలి, అంతే.

ఇప్పుడు డబ్బు వచ్చే దారులు. కార్డ్‌తో ఆన్‌లైన్‌లో ఇస్తే ఫండ్ పేరూ ఫండ్ నంబరూ ఖచ్చితంగా పెట్టాలి, లేకపోతే డబ్బు జనరల్ ఫండ్‌లోకి వెళ్ళిపోతుంది, దాన్ని వెనక్కి లాగడం ఒక యజ్ఞం. చెక్కు అయితే మెమో లైన్‌లో అదే నంబర్. మన ఐటీ వాళ్ళకి పెద్ద ఆయుధం కంపెనీ మ్యాచింగ్, 500 ఇస్తే కంపెనీ ఇంకో 500 వేస్తుంది. కానీ బెనెవిటీ లాంటి పోర్టల్‌లో యూనివర్సిటీ పేరు కొడితే నాలుగైదు కనిపిస్తాయి, యూనివర్సిటీ ఒకటి, ఫౌండేషన్ ఒకటి, అథ్లెటిక్స్ ఒకటి. ఫౌండేషన్ టాక్స్ ఐడీ చూసి అదే ఎంచుకోవాలి, డెసిగ్నేషన్ (డబ్బు దేనికో చెప్పే) బాక్స్‌లో ఫండ్ నంబర్ రాయాలి, మ్యాచింగ్ డబ్బు కూడా అదే ఫండ్‌కి వెళ్తుందా అని ఫౌండేషన్‌ని ఈమెయిల్‌లో అడిగి ఉంచుకోవాలి. మా మ్యాచింగ్ డబ్బు మొదటి క్వార్టర్‌ది వేరే ఫండ్‌లో తేలింది, దొరికింది లెండి.

షేర్ల గురించి. ఏడాది దాటి మీ దగ్గరున్న షేర్లు, కంపెనీ జీతంలో భాగంగా ఇచ్చే ఆర్ఎస్‌యూ షేర్లు మీ చేతికొచ్చి (వెస్ట్ అయ్యి) ఏడాది దాటితే అవి కూడా, అమ్మకుండా నేరుగా ఫౌండేషన్‌కి ట్రాన్స్‌ఫర్ చేస్తే పెరిగిన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ టాక్స్ కట్టక్కర్లేదు, టాక్స్ రిటర్న్‌లో ఖర్చులు విడివిడిగా చూపించేవాళ్ళకి (ఐటమైజ్ అంటారు) మార్కెట్ విలువ మొత్తం డిడక్షన్‌గా వస్తుంది, దానికి లిమిట్లున్నాయి, మీ సీపీఏని (టాక్స్ ఎకౌంటెంట్‌ని) అడగండి. అమ్మేసి డబ్బు ఇస్తే ఆ టాక్స్ వెసులుబాటు పోయినట్టే. షేర్లు పంపే రోజు ఏ కంపెనీవి, ఎన్ని, ఎవరు పంపుతున్నారు అని ఫౌండేషన్‌కి ఈమెయిల్ పెట్టడం మాత్రం మర్చిపోకండి, ఎందుకంటే బ్రోకరేజ్ నుంచి షేర్లు చాలాసార్లు పేరు లేకుండా దిగుతాయి, ఎవరివో తెలీక వాళ్ళు తల గోక్కుంటారు. డెబ్బై ఏళ్ళున్నర దాటిన పాత స్టూడెంట్లుంటే ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఎకౌంట్ నుంచి నేరుగా ఇవ్వొచ్చు, ఆ మొత్తం వాళ్ళ ఆదాయంలోకి రాదు. ఖర్చులు విడిగా చూపించకుండా అందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్ళకి 2020, 2021లో కొద్దిగా తప్ప ఇన్నాళ్ళూ ఏమీ ఉండేది కాదు, 2026 నుంచి క్యాష్ డొనేషన్ మీద ఒంటరిగా ఫైల్ చేస్తే 1,000, జాయింట్ అయితే 2,000 డాలర్ల దాకా మినహాయింపు వచ్చింది. 250 డాలర్లు, ఆ పైన ఇచ్చినవాళ్ళు ఫౌండేషన్ రాతపూర్వక రసీదు దాచుకోవాలి.

ఇండియాలో ఉన్న పాత స్టూడెంట్ పంపాలంటే ఆర్‌బీఐ ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపే స్కీమ్) కింద బ్యాంక్ ద్వారా పంపొచ్చు, అక్కడి 80జీ డొనేషన్ మినహాయింపు మాత్రం విదేశీ యూనివర్సిటీకి వర్తించదు.

రిటైర్మెంట్ కచేరీ పెడితే ఊపొస్తుంది. పియానో ట్యూనింగ్ కచేరీ రోజు పొద్దున్నకి బుక్ చెయ్యండి, ముందు రోజుకి కాదు, మధ్యలో ఎవరో వచ్చి రిహార్సల్ చేసి దాన్ని మళ్ళీ కదిలిస్తారు. టికెట్ పెట్టకండి, టికెట్‌కి ప్రతిగా కచేరీ విన్నాం కాబట్టి ఆ విలువ డొనేషన్‌లోంచి తీసెయ్యాలని లెక్కలొస్తాయి, ఫ్రీగా రానిచ్చి బయట క్యూఆర్ కోడ్ పెట్టండి. ఆ కోడ్ మాత్రం ఫండ్ పేజీకే వెళ్తోందో లేదో మీ ఫోన్‌తో చూసుకోండి.

స్టెప్ 5: పిల్లల వైపు నుంచి

ఇలాంటి స్కాలర్‌షిప్‌కి ఎలా అప్లై చెయ్యాలని హైదరాబాద్ నుంచి ఒక తల్లి అడిగారు. మామూలుగా విడిగా అప్లికేషన్ ఉండదు, ఆడిషనే అప్లికేషన్. చాలా మ్యూజిక్ స్కూళ్ళకి డిసెంబర్ మొదట్లో అప్లికేషన్ గడువు, జనవరి, ఫిబ్రవరిల్లో ఆడిషన్లు, దానికి ముందు ఆడిషన్‌కి ఎవర్ని పిలవాలో తేల్చే ప్రీస్క్రీనింగ్ వీడియో. పియానోకి సాధారణంగా అడిగేది బాఖ్ ఒకటి, క్లాసికల్ సొనాటా ఒకటి, రొమాంటిక్ కాలం నాటిది ఒకటి, ఇరవయ్యో శతాబ్దం నుంచి ఒకటి, ఎక్కువ చోట్ల నోట్స్ చూడకుండా వాయించాలి. ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం అనే బ్రిటిష్ సంగీత పరీక్షల్లో గ్రేడ్ 8 సర్టిఫికెట్ ఉంటే మంచిదే, ఆడిషన్ బదులుగా మాత్రం పనికిరాదు. వీడియో కీబోర్డ్ మీద కాకుండా ట్యూన్ చేసిన నిజం పియానో మీద, ఫోన్ అడ్డంగా పెట్టి, చేతులూ మొహమూ కనపడేలా, ఒక్కో పీస్ ఒకే టేక్‌లో. ఫ్యాన్ ఆపెయ్యండి, ఆ చప్పుడు మొత్తం రికార్డవుతుంది.

స్కాలర్‌షిప్ వస్తే ఆ మొత్తం ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) చూపిస్తారు కాబట్టి మీరు బ్యాంకులో చూపించాల్సింది ఆ మేరకు తగ్గుతుంది. డిగ్రీ చదివే పిల్లలకి ట్యూషన్, ఫీజులు, తప్పనిసరి పుస్తకాలకి వాడిన భాగానికి టాక్స్ లేదు, హాస్టల్‌కీ తిండికీ వాడింది ఆదాయం కిందే లెక్క, ఎఫ్-1 పిల్లలకి ఆ భాగం మీద 14 శాతం ముందే కట్ చేస్తారు. భారత్ నుంచి వచ్చిన స్టూడెంట్లకి టాక్స్ ఒప్పందంలో ఆర్టికల్ 21 వల్ల స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునే వీలుంది, వేరే దేశాల పిల్లల్లో చాలామందికి అది లేదు, రిటర్న్ ఫైల్ చేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇంకో మాట, స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లలు థాంక్యూ లెటర్ రాయాలి, ఫౌండేషన్ అడుగుతుంది. "ఈ గొప్ప అవకాశానికి కృతజ్ఞుణ్ణి" టైపు వద్దు, ఈ సెమిస్టర్ ఏం వాయిస్తున్నారో రాయండి, టీచర్లు చదివేది అదే.

ఇండియాలో ఇదే చెయ్యాలంటే

విజయనగరంలో వీణ మాస్టారి పేరు మీద పెడదామని ఒకాయన అడిగాడు. యూనివర్సిటీల్లో ఎండోమెంట్ గోల్డ్ మెడల్ అనే పద్ధతి మనకి పాతదే, అదే కదపండి. ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ డొనేషన్ల చట్టం విషయంలో మాత్రం జాగ్రత్త: ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్ఆర్ఐ తన సంపాదన బ్యాంక్ ద్వారా పంపితే అది విదేశీ డొనేషన్ కాదు, అమెరికా పౌరసత్వం తీసుకున్న మనిషి పంపితే ఓసీఐ కార్డ్ ఉన్నా సరే అది విదేశీ డొనేషనే, తీసుకునే సంస్థకి అనుమతి ఉండాలి. ఒకే ఇంట్లో మొగుడూ పెళ్ళాం చెరో రకం కావచ్చు, ఎవరి ఎకౌంట్ నుంచి పంపాలో ముందే చూసుకోండి.

స్టెప్ 6: తర్వాత

ఫౌండేషన్ నుంచి ఏటా ఒక రిపోర్ట్ వస్తుంది, ఫండ్ విలువ ఎంత, ఎంత ఇచ్చారు, ఎవరికిచ్చారు. రాకపోతే అడగండి. డెవలప్‌మెంట్ ఆఫీసర్లు తరచూ ఉద్యోగాలు మారతారు, మా దాంట్లో రెండేళ్ళలో ముగ్గురు మారారు, అందుకని అగ్రిమెంట్ కాపీ, ఫండ్ నంబర్, ఈమెయిళ్ళు మీ దగ్గర కూడా ఒక ఫోల్డర్‌లో ఉండాలి, గ్రూపులో ఇంకో ఇద్దరికి దాని దారి తెలియాలి. టీచర్ పుట్టినరోజుకి గ్రూపులో ఒక మెసేజ్ పెడితే ఏటా కొంత అసలు పెరుగుతూనే ఉంటుంది, మేం మళ్ళీ ఉత్తరాలు రాయలేదు.

అగ్రిమెంట్ సవరించాక మొదటి స్కాలర్‌షిప్ వచ్చింది ఒక రెండో సంవత్సరం కుర్రాడికి, ట్రాంబోన్ వాళ్ళకి వాయిస్తాడు. ఫంక్షన్ అయ్యాక ప్రొఫెసర్ గారు వాణ్ణి పక్కకి పిలిచి ఏదో అడిగారు, ఆశీర్వదిస్తున్నారేమో అనుకుని నేను ఫోటో తీశా. తర్వాత వాణ్ణి ఏమన్నారని అడిగితే, గురువారం రిసైటల్‌లో నీకు పేజీలు తిప్పడానికి ఎవరైనా ఉన్నారా, లేకపోతే నేనొస్తా అన్నారట.